గొట్టం దగ్గరే ఆగిన లెక్క

ఆ రోజు నేను చేసిన తప్పు ముందే చెప్పేస్తాను. చిన్న గుండు తుపాకీతో, కాల్చకూడనంత దూరం నుంచి, గుర్రమంత ఎల్క్ దుప్పిని కాల్చాను. దాని ఫలితం దుప్పితో పాటు నాకు వేట నేర్పిన మనిషి కూడా అనుభవించాడు.

ఆయన ఫీనిక్స్‌లో డాక్టరు, వరంగల్ వైపు వాడు. నాకన్నా పదేళ్లు పెద్ద కనుక అన్నా అనేవాణ్ణి. చిన్నప్పుడు మేనమామ భర్మారుతో అడవి పందుల్ని కొట్టడం చూశాడట. గొట్టం మూతిలోంచి మందు పోసి, పేలికలో చుట్టిన సీసపు గుండును కడ్డీతో దట్టించి కాల్చే ఆ పాతకాలం తుపాకీకి అమెరికాలో ప్రత్యేకంగా వేట రోజులు ఉన్నాయని తెలిసినప్పుడు, చిన్ననాటి స్నేహితుడు ఎదురైనంత సంబరపడ్డాడు.

నేను చాండ్లర్‌లో చిప్పులు తయారుచేసే ఫ్యాక్టరీలో ఇంజనీరుని. లెక్క వేయనిదే టూత్‌పేస్టు కూడా కొనేవాణ్ణి కాదు. ఎనభైల మొదట్లో మాట. ఎల్క్ పర్మిట్లు లాటరీ తీసి ఇచ్చేవారు. ఆయనకు నాలుగేళ్లు ఎదురుచూశాక ఆ ఏడు వచ్చింది. నాకు మొదటిసారికే వచ్చింది.

క్యాలిబర్ అంటే గొట్టం వెడల్పు, అంగుళంలో నూరోవంతుల లెక్కన. ఎల్క్‌కి యాభై నాలుగు కావాలనీ, తక్కువలో తక్కువ యాభై ఉండాలనీ, నలభై అయిదు చిన్న జింకలకే సరిపోతుందనీ అన్న చెప్పాడు. నేను నలభై అయిదే కొన్నాను. అసలు కారణం అప్పుడు ఎవరికీ చెప్పలేదు. ఆయన యాభై నాలుగు తుపాకీని నేను ఒకసారి కాలిస్తే నా భుజం వారం రోజులు కమిలిపోయింది. నాకు భయం వేసింది.

భయాన్ని కప్పుకోవడానికి లెక్క దొరికింది. ఆయనింట్లో వీకెండ్ భోజనాలప్పుడు పేపర్ ప్లేటు వెనక రాసి చూపించాను. అదే మందుకి చిన్న గుండు ఎక్కువ వేగంగా పోతుంది, శక్తిలో వేగానికి వర్గం ఉంది, కాబట్టి చిన్నదే మేలు. డాక్టర్లకి ఫిజిక్స్ పీయూసీతోనే సరి అని ఒక చురక కూడా వేశాను. అందరూ నవ్వారు. ఆయన ప్లేటు తిప్పి చూశాడు.

"తమ్మీ, నీ లెక్క గొట్టం కాడ్నే ఆగింది. ఎల్క్ వచ్చి గొట్టం కాడ నిలబడ్తదా?"

గుండ్రటి సీసం గాలిలో పోతూపోతూ వేగం కోల్పోతుంది, అప్పుడు ఆదుకునేది బరువే అని ఆయన భావం. ఆయన గుండు నా దానికి ఇంచుమించు రెట్టింపు బరువు. నేను వినిపించుకోలేదు.

ఫ్లాగ్‌స్టాఫ్ పైన పైన్ అడవిలో అది సీజన్ ఆఖరి రోజు. సాయంత్రాలు నీటిగుంట దగ్గరికి వచ్చే పెద్ద మగ ఎల్క్‌ని అన్న మూడు రోజులుగా కనిపెట్టి ఉన్నాడు. ఆ సాయంత్రం దాన్ని కొట్టాలి. అరవై గజాలు దాటితే కాల్చనని పొద్దున నా చేత ఒట్టు వేయించుకున్నాడు. గంట తిరక్కుండానే నూట ఇరవై గజాల్లో నాకొకటి కనిపించింది. కాల్చాను. పొగ విడిపోయేసరికి అది కుంటుతూ చెట్లలోకి పోతోంది.

అన్న నీటిగుంట వైపు ఒకసారి చూసి, నెత్తురు చుక్కల వెంట నడిచాడు. నువ్వు నీటిగుంట దగ్గరికి వెళ్లు, అన్నా, దీన్ని నేను వెతుక్కుంటాను అన్నాను.

"నొప్పితోని తిరుగుతాంది తమ్మీ. దాన్నిడిసి నా పని చూస్కోమంటవా?"

మధ్యాహ్నం దాటాక వాగులో పడుకుని దొరికింది. నా గుండు భుజం ఎముకలోనే ఆగిపోయింది. మళ్లీ గొట్టంలో పోయబోయి నేను మందు ఒలకబోసుకుంటుంటే, తన తుపాకీ నా చేతిలో పెట్టాడు. ఇరవై అడుగుల నుంచి ఒక్క గుండు చాలింది. భుజం నొప్పి సంగతి గుర్తే రాలేదు.

మాంసం కోసి రెండు మైళ్లు మోసేసరికి సూర్యుడు అస్తమించాడు. పర్మిట్ వాడకుండానే అన్న సీజన్ కూడా ముగిసింది.

తరువాతి భోజనాలకి పేపర్ ప్లేటు నేనే అడిగి తీసుకున్నాను. గొట్టం దగ్గర ఆపేసిన లెక్కను నూట ఇరవై గజాల దాకా వేసి, భుజం భయంతో సహా అంతా అదే జనం ముందు చెప్పాను. ఈసారి నన్ను చూసి నవ్వారు. ఆ తర్వాత నలభై అయిదుతో గురికి పెట్టిన అట్టముక్కల్ని తప్ప దేన్నీ కాల్చలేదు. ఆయనకు మళ్లీ పర్మిట్ వచ్చేదాకా నేను దరఖాస్తు పెట్టలేదు.

రెండేళ్లకు వచ్చింది. ఆగస్టు నుంచి ప్రతి శనివారం ఒక్కణ్ణే ఆ కొండలెక్కి, ఎల్క్ అడుగులు ఎక్కడెక్కడ ఉన్నాయో రాసి తెచ్చి ఇచ్చాను. వేటకి తుపాకీ లేకుండా ఆయన నీళ్లూ దుప్పట్లూ మోస్తూ వెళ్లాను. రెండో రోజే యాభై గజాల్లో ఒక్క గుండుతో పడగొట్టాడు.

తొడలు రెండూ ఒక్కొక్కటిగా నేనే మోస్తానన్నాను. అన్న చేతులూపుకుంటూ ముందు నడిచాడు. సగం దారిలో ఆగి వెనక్కి చూశాడు.

"ఎంత బరువుంటది తమ్మీ? లెక్క చెప్పు."

తెలియదు అన్నాను. ఆ తొడను కార్ దాకా దించకుండా మోశాను.