ఖాజా భాయ్‌కి మైకు లైసెన్సు ఎందుకు రాలేదంటే

నిన్న పొద్దున ఖాజా భాయ్ తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్న పోయిండు" అన్నాడు.

మొన్న శుక్రవారమే కదా కలిసి చాయ్ తాగాం!

మీలో చాలామందికి ఆయన టేప్‌రికార్డర్లు బాగుచేసే మనిషిగానే తెలుసు.

ఎనభైల్లో మా వరంగల్ బజారుకు ఆయన గొంతే రేడియో. పొద్దున్నే మార్కెట్లో వడ్లు, మిర్చి రేట్లు కనుక్కొచ్చి షాపు మీది మైకులో చెప్పేవాడు. నెక్కొండ వైపు రైతులు అది విన్నాకే బేరానికి దిగేవారు.

రైతుల దగ్గర తక్కువకు కొనే పెద్ద సేట్లకు కడుపు మండింది. కంప్లైంట్ పెట్టారు.

మైకు లైసెన్సు రెన్యువల్‌కు వెళితే, ఆఫీసువాళ్లు ఆయన్ని ఒక్క మాట కూడా అడగకుండా "మైకు నడపడానికి తగిన మనిషి కాదు" అని రాసిచ్చారు.

ఎవరికి తగాలట? సేట్లకా?

ఖాజా భాయ్ ఊరుకోలేదు. హైకోర్టులో రిట్ వేశాడు. ఒకరోజు మా బట్టల షాపుకు లాయర్ గారి ట్రంక్‌కాల్. "ఆఫీసువాళ్ల ఆర్డర్ కోర్టు కొట్టేసింది, గెలిచాం!" ఇంకేదో చెప్తుండగానే లైన్ కట్.

ఇంకేం, బజారంతా స్వీట్లు పంచాను. ఆ సాయంత్రమే ఖాజా భాయ్ మైకు ఆన్ చేశాడు.

"అందరికి సలాం. రేపటి సంది మళ్ల రేట్లు చెప్త. ఫికర్ చెయ్యకుండ్రి."

అంతే.

గెలిస్తే లైసెన్సు వచ్చినట్టే అనుకున్నాం. కాదట. ఆయన వాదన విని మళ్లీ నిర్ణయించమని కోర్టు అదే ఆఫీసుకు పంపిందట. ఆ ముక్క మాకెవరు చెప్పారు?

విచారణకు నేనూ వెళ్లాను. ఆఫీసరు రేట్ల ఊసే ఎత్తలేదు. "లైసెన్స్ లేకుండ మైక్ పెట్టినవా?" అనడిగాడు.

"పెట్టిన సార్. గెల్చినమనుకున్న."

అబద్ధమాడటం రాదు ఆ మనిషికి.

అదే పట్టుకున్నారు. లైసెన్సు లేకుండా నడిపాడు కాబట్టి తగిన మనిషి కాదట! ఈసారి కోర్టుకు వెళ్లినా మన కేసు నిలవదన్నాడు లాయర్.

ఆ తర్వాత ఎవరైనా మైకు రిపేరుకు తెస్తే వేలితో తట్టి చూసేవాడు. హలో అని కూడా అనేవాడు కాదు. చూస్తే నాకు ఒళ్లు మండిపోయేది.

నిన్న ఖబరస్తాన్ నుంచి వచ్చేసరికి, మా బజారు వాట్సాప్ గ్రూపులో, అప్పట్లో కంప్లైంట్ పెట్టిన సేట్లలో ఒకాయన కొడుకు మెసేజ్: "వరంగల్ గొంతు మూగబోయింది."

నిన్ననా మూగబోయింది? మీ నాయన ఆ గొంతు నొక్కేసి ఎన్నేళ్లయింది? ఆ మెసేజ్ తీసెయ్ బాబూ.

వెళ్లిరా ఖాజా భాయ్. అల్లా నిన్ను చల్లగా చూసుకోవాలి.

నాకు మాత్రం ఈ కోపం పోదు.