గోవిందప్ప కార్డు

మొన్న వేలూరులో రక్తపరీక్షకు ఈ ముసలి చెయ్యి చాపాను. స్పిరిట్ దూది చల్లగా తగలగానే రత్నమ్మక్క గుర్తొచ్చింది. ఏదో పరిశోధన; వేలమంది రక్తం చూసి ఎవరికి ఏ మందు సరిపోతుందో తేలుస్తారట. "తేలింది నాకెప్పుడు చెప్తారమ్మా?" అన్నాను. రక్తం తీసే అమ్మాయి నవ్వి, సంతకానికి కాగితం జరిపింది. నాకు ఒళ్ళు మండింది.

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో రత్నమ్మక్క ఒక ఆరోగ్య సర్వేలో నర్సు. ఏటా అవే ఇళ్ళు తిరిగి, ఎవరికి ఏ మందు పడింది, ఏది పడలేదు అని మనిషికో కార్డు రాసేది. నేను ఆమె గుమాస్తాను. గుడియాత్తంలో మా నాయన గుడ్డలకొట్లో బేరాలు మరిగినవాణ్ణి కదా, లత్తేరిలో సబ్బుబిళ్ళలు చూపించి ఒక్క పూటలో ఇరవై ఇళ్ళను రక్తమివ్వడానికి ఒప్పించాను. మెచ్చుకుంటుందని మీసం దువ్వుకున్నాను.

"ఏమప్పా శెట్టీ, రక్తమేమన్నా రవికగుడ్డా, బేరమాడి తెచ్చేదానికి? వాళ్ళకు తిరిగి ఏం చెప్తామో చెప్పినావా?"

"సబ్బిచ్చినాం గదక్కా!"

"సబ్బు జబ్బు చెప్తాదా? పో, మల్లా ఇరవై ఇండ్లూ తిరుగు."

తిరిగాను, తిట్టుకుంటూ.

పరదరామి దాటాక ఒక పల్లెలో గోవిందప్ప అనే రైతు. చలిజ్వరం మాత్ర మింగితే అతనికి మూత్రం నల్లగా పోయి ప్రాణం మీదికొచ్చింది. అదే మాత్ర మింగిన పక్కింటివాళ్ళు నిక్షేపంగా ఉన్నారు. అక్క అతని కార్డు మీద ఎర్రసిరాతో రాసింది: ఈ మాత్ర ఇతనికి పడదు.

అంతలో రాష్ట్రాలు విడిపోయాయి. ఆ పల్లె ఆంధ్రలో పడింది, మా ఆఫీసు ఇవతలే ఉండిపోయింది. అవతలి కార్డులన్నీ మూటగట్టి బీరువాలో పెట్టమన్నాడు మా పెద్ద డాక్టరు. ఆ వారమే అక్కడ ఇంటింటికీ ఆ మాత్రలే పంచబోతున్నారని తెలిసింది.

"గోవిందప్పకు చెప్పొస్తామయ్యా," అంది అక్క.

"వాళ్ళిప్పుడు మనవాళ్ళు కాదమ్మా. ఉత్తరం రాద్దాంలే."

రక్తం తీసుకునేటప్పుడు ఏ రాష్ట్రమని అడగలేదే! ప్రాణం నిలిపే ఒక్క మాట చెప్పడానికి మాత్రం సరిహద్దు అడ్డమొచ్చింది. ఈనాటికీ పళ్ళు కొరుక్కుంటాను.

మూటలోంచి ఆ కార్డు లాగి చొక్కాలో దాచింది నేనే. మర్నాడు అక్కా నేనూ బస్సెక్కి వెళ్ళేసరికి మాత్రల పొట్లం ఇంకా విప్పకుండా గోవిందప్ప ఇంటి గూట్లో ఉంది. అతనికీ భార్యకూ చదువు రాదు. అక్క ఆమెచేత మూడుసార్లు చెప్పించింది: "యాడికి పోయినా, ఎవురు మాత్రిచ్చినా, మా ఇంటాయనకు ఇది పడదని ముందే చెప్తాను."

తిరిగొచ్చాక డాక్టరు అడిగాడు: "కార్డు ఎవరు తీశారు?"

"నేనే," అంది అక్క. నేను నోరు విప్పలేదు. ఆమె ఉద్యోగం పోయింది, నాది నిలిచింది. నా బతుకులో అంత చవకబేరం మరొకటి లేదు.

అందుకే మొన్న చెయ్యి వెనక్కి తీసుకున్నాను. "ఎప్పుడు చెప్తారో ఇందులో రాయమ్మా. అప్పుడే సంతకం," అన్నాను. నా వెనక కూర్చున్నావిడ అప్పటికే సంతకం పెట్టిన తన కాగితం తిరిగి అడిగింది.