అల్మారాకు సున్నా మార్కులు

కరోనా సద్దుమణిగిన ఏడాది, మన దేశపు దూరవిద్యా విశ్వవిద్యాలయం ఒకటి రియాద్‌లో నడిపే అధ్యయన కేంద్రానికి నన్ను సమన్వయకర్తగా వేశారు. పేరు గంభీరంగానే ఉంటుంది. విద్యార్థులిచ్చిన అసైన్‌మెంట్లు తీసుకుని, సంతకం పెట్టి, ఇండియాకు పంపడం పని. మార్కులు వేసే అధికారం లేదు. వేసినవాళ్లను ప్రశ్నించే అధికారం అంతకన్నా లేదు.

ఆ ఏడు బి.ఏ. ప్రపంచ మతాల అధ్యయనం చివరి సంవత్సరంలో ఫరీద్ అనే కడప మనిషి ఉండేవాడు. రియాద్ శివారు సులైలో ఒక కంపెనీ లేబర్ క్యాంపులో ఏసీ టెక్నీషియన్. ఈ సబ్జెక్టే ఎందుకయ్యా అంటే, లెక్కలు లేనిది ఇదొక్కటే కనబడిందన్నాడు. అంత నిజాయితీగల కారణం నేను ఏ వేదాంతి నోటా వినలేదు. డిగ్రీ వస్తే ఇఖామాలో, అంటే అక్కడి నివాస కార్డులో, అతని వృత్తి సూపర్‌వైజర్‌గా మారుతుంది. అది మారితేనే భార్యాబిడ్డలకు వీసా. కూతురు పుట్టాక అతను చూసింది రెండు సెలవుల్లోనే.

చివరి పేపరు సందర్శన నివేదిక. తనది కాని మతపు ప్రార్థనా స్థలానికి వెళ్లి, చూసింది రాసి, భవనం ఫోటో, చిరునామా, నిర్వాహకుల ముద్ర జతచేయాలి. ఈ నిబంధన రాసిన పండితుడు ప్రపంచ మతాలన్నీ చదివాడు గానీ ప్రపంచ పటం తెరిచినట్టు లేదు. వేరే మతాల ప్రార్థనా స్థలాలకు అనుమతే లేని సౌదీలో ఫరీద్ ఏ గుడికి వెళ్లాలని ఈమెయిల్ పెట్టాను. దగ్గర్లో ఉన్నదానికి వెళ్లవచ్చని దయతో జవాబిచ్చారు.

మిగతావాళ్లు గదిలోంచి కదలకుండా, ఇంటర్నెట్‌లో దొరికిన గుళ్లనూ చర్చిలనూ ముద్రలతో సహా సందర్శించి వచ్చారు. ఫరీద్ అలా చేయలేదు. క్యాంపులో షట్టరింగ్ పని చేసే జగిత్యాల మల్లేశం తన ఇనుప అల్మారా తలుపుకు లోపలివైపు అంజన్న పటం అంటించుకున్నాడు. తలుపు తీస్తే గుడి, మూస్తే బట్టల అల్మారా. ఫరీద్ వెళ్లి అడిగితే అతను అన్న మాట ఇది: "చెప్పులిడిసి రా ఫరీద్ భాయ్. సూడు, రాసుకో. ఫోటో మాత్రం వద్దు. ముదీర్ కంట వడితే నా నౌకరి పోతది." ముదీర్ అంటే మేనేజరు.

ఫరీద్ నాలుగు పేజీలు రాశాడు. వాసన బయటికి పోతుందని మల్లేశం అగరుబత్తిని వెలిగించకుండానే పటం ముందు తిప్పడం, పక్క మంచాలవాళ్లు కాళ్లు ముడుచుకుని కూర్చోవడం, అన్నీ ఉన్నాయి. నా చేతిమీదుగా వెళ్లిన కాగితాల్లో చదవదగ్గవి అవే. కనీసం గది నంబరైనా వేయమన్నాను.

"ఏస్తే నా బిడ్డ వస్తాది సార్. ఆయప్ప పని పోతే ఆయప్ప బిడ్డలేం కావాల?" అన్నాడు.

నాకు గర్వంగానూ ఉంది, భయంగానూ ఉంది. విడిగా వివరణ రాసి పంపాను. ఫలితాల్లో ఫరీద్‌కు సున్నా వచ్చింది. స్థలం ధ్రువీకరణ కాలేదట. ఇంటర్నెట్ యాత్రికులందరూ పాసయ్యారు. ఒకే చర్చి ఫోటో పెట్టిన ఇద్దరికి డిస్టింక్షన్ కూడా ఇచ్చారు.

మరుసటి సెలవులో ఫరీద్ కడపలో ఒక గుడికి వెళ్లాడు. ముద్ర వేసే గుమాస్తా కోసం ఆఫీసు బయట బెంచీ మీద కూర్చుని ఉండగానే పూజ అయిపోయి తలుపులు మూశారు. గోపురం ఫోటో, ముద్ర పెట్టి ఒక పేజీ రాశాడు. మంచి మార్కులొచ్చాయి. కూతురు ఏడాది ఆలస్యంగా రియాద్‌లో దిగింది. మల్లేశం నౌకరి భద్రంగా ఉంది.

ఆపైన పదవీ విరమణ దాకా కొత్త విద్యార్థులకు ఒకటే చెప్పేవాణ్ని: దేవుణ్ని ఎక్కడైనా చూడండి, మార్కులు కావాలంటే ముందు గుమాస్తాను చూడండి.