నేల దాటనివ్వని కిరాయి సారు

కిరాయి సారు పోయారని మా అపార్ట్‌మెంట్ గ్రూపులో మెసేజ్ వచ్చినప్పుడు నేను రాయదుర్గం మెట్రో దగ్గర ఆఫీసు పిల్లల్ని దించుతున్నాను. నమ్మలేదు. ఆ గ్రూపులో అబద్ధపు మెసేజ్‌లు పెట్టేది నేనొక్కణ్ణే. లిఫ్టులో పాము దూరిందని పెట్టి అన్ని అంతస్తుల వాళ్ళనూ మెట్ల మీద నడిపించింది నేనే. ఇన్నాళ్ళకు సారు నా మీద పగ తీర్చుకుంటున్నారనుకున్నాను. ఫోన్ చేస్తే ఎత్తలేదు. పథకం గట్టిగానే వేశారనుకున్నాను. మణికొండ దాకా వచ్చి, మూడో అంతస్తులో వాళ్ళ తలుపు బయట విప్పిన చెప్పుల కుప్ప చూశాక కూడా, ఇన్ని చెప్పులు ఎక్కడినుంచి తెచ్చి పరిచారా అని ఒక్క క్షణం అనుమానపడ్డాను. లోపల పెద్దమ్మ, అంటే సారు భార్య, నన్ను చూసి పక్కకు జరిగి దారిచ్చింది. అప్పుడు నమ్మాను.

మణికొండ ఊరుగా ఉన్నప్పటి నుంచీ మాది ఇక్కడే. ఇంటి జాగా బిల్డరుకిస్తే కట్టినదాంట్లో మాకు రెండు ఫ్లాట్లు వచ్చాయి. ఒకదాంట్లో మేముంటాం, రెండోదాంట్లో సారు వాళ్ళు కిరాయికి దిగారు. అందుకే మా ఇంట్లో ఆయన పేరు కిరాయి సారు. నేను పది తప్పి స్టీరింగు పట్టినవాణ్ణి, ఐటీ కంపెనీలకు క్యాబ్ నడుపుతాను. ఆయన అనంతపురం వైపు మనిషి, కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. బాగా చదువుకున్నవాళ్ళు మెత్తగా మాట్లాడితే నాకు ఎప్పుడూ అనుమానమే. ఈయన మరీ మెత్తగా మాట్లాడేవారు.

దిగిన కొన్నాళ్ళకే వాళ్ళింట్లోంచి జుయ్యిమని చప్పుడు మొదలైంది. ఆగుతుంది, మళ్ళీ మొదలవుతుంది. లోపల ఏదో మిషను పెట్టి ధందా నడుపుతున్నారని తేల్చుకొని, నల్లా కారుతోందేమో చూస్తానంటూ రెంచీ పట్టుకొని వెళ్ళాను. సారు కంప్యూటర్‌కు బాగా దగ్గరగా కుర్చీ వేసుకొని, దానికి వీపు పెట్టి కూర్చొని, మెడ వెనక్కి తిప్పి తెరను చూస్తున్నారు. చేతిలో రెండు పుల్లలున్న రిమోట్. తెర మీద ఒక బొమ్మ విమానం రోడ్డు వెంట పాకుతూ వస్తోంది.

"మెడ పట్టిందా సారూ?" అన్నాను.

"లేదప్పా. అది నా దిక్కు వస్తాంది. దాని మొగం ఎటుంటే నా మొగమూ అటే పెట్టుకోని చూడల్ల. లేకుంటే దాని ఎడమ నాకు కుడైపోతాది."

బొమ్మ విమానాలు నడపడం నేర్పే సిమ్యులేటర్ అట అది. నిజం విమానం విరిగితే కన్నీళ్ళు, ఇందులో విరిగితే ఒక బటన్ అన్నారు. నువ్వూ కూర్చోమన్నారు. గచ్చిబౌలి ఫ్లైఓవర్ మీద ఆఫీసు టైములో బండి తిప్పేవాణ్ణి, నాకిదొక లెక్కా అని కూర్చున్నాను. కుడిచేతి పుల్ల తిప్పాను. రెక్కల చివరలు ఊగాయి గానీ విమానం తిరగలేదు, నేరుగా పోయి గడ్డిలో పడింది. "కుడి పుల్ల రెక్కలది. నేల మీద వాటితో పన్లేదు. కిందున్నంతసేపు తోకతోనే బతకల్ల," అన్నారు సారు. ఎడమ పుల్ల పట్టాను. స్పీడు పెంచగానే అదంతట అదే ఎడమకు గుంజుకుపోయింది. మళ్ళీ పెట్టాను, మళ్ళీ ఎడమకే. రిమోట్‌లో ఏదో చేసి పెట్టారని నాకు గట్టి అనుమానం. మూత తీసి బ్యాటరీలు కూడా చూశాను. సారు నవ్వలేదు. ముందున్న ఫ్యాను తిరిగే జోరుకు ఏ విమానమైనా అలాగే గుంజుతుందనీ, గుంజకముందే కుడికి కాస్త వేలు ఆనించాలనీ చెప్పారు. నేను నమ్మలేదు గానీ వేలు ఆనించాను. విమానం గీత మీద పోయింది.

అప్పటి నుంచి ట్రిప్పుకూ ట్రిప్పుకూ మధ్య పైకి వెళ్ళడం అలవాటైంది. సారు నేర్పించింది నేల మీద నడకే. పోవడం, మలుపుకోవడం, ఎదురుగా తెచ్చుకోవడం, ఆపడం. తోక లేచి ముక్కు నేలకు గుద్దకుండా పుల్ల వెనక్కి లాగి పట్టుకోవడం. నన్ను మాత్రం ఒక్కసారీ ఎగరనివ్వలేదు. ఎగరేస్తానంటే ఒకరోజు కంప్యూటర్ వేడెక్కిందన్నారు, ఇంకోరోజు గాలి ఎక్కువగా ఉందన్నారు. సిమ్యులేటర్‌లో గాలి మనం పెట్టుకునేదే కదా, తగ్గించండి సారూ అంటే టీ తెమ్మని పెద్దమ్మను పిలిచారు.

వాళ్ళ బీరువా మీద పసుపురంగు విమానం ఒకటి ఉండేది. బెండులాంటి తేలికైన చెక్కతో సారు తన చేత్తో కట్టింది. ఎన్నడూ ఎగరలేదు. "అది ఒక్కతూరి పైకి పోవల్ల. పంపేటోడు కావల్ల," అన్నారు ఒకసారి. మీరే పంపరాదా అంటే మాట మార్చారు. మా ఆవిడేమో కిరాయి పెంచకుండా నన్ను మచ్చిక చేసుకుంటున్నారని అనేది. నా అనుమానం ఇంకొకటి. ఈయనకు ఎగరెయ్యడం రాదు, కింద తిప్పడం వరకే వచ్చు, మిగతాది దబాయింపు.

మనిషిని పరీక్షించడానికి నాకు తెలిసింది ఒకటే దారి. ఆయన ఫోన్ మాట్లాడుతుంటే సెట్టింగుల్లోకి పోయి తోక ఉల్టా చేశాను. ఎడమంటే కుడికి, కుడంటే ఎడమకు. ఆయనకో అలవాటు ఉండేది, కదిలించే ముందు ప్రతిసారీ పుల్లలన్నీ ఊపి తోకా రెక్కలూ ఎటు తిరుగుతున్నాయో చూసుకునేవారు. ఆ రోజూ ఊపారు. ఒక్క క్షణం ఆగారు. నా వైపు చూడలేదు. తర్వాత ఆ ఉల్టా తోకతోనే రోడ్డంతా తిప్పి, గీత మీదికి తెచ్చి నిలబెట్టి, రిమోట్ నా చేతిలో పెట్టి, "ఇంగ నువ్వు కానీ నాయనా," అన్నారు. నా విమానం కంచె తప్ప ఇంకెక్కడికీ పోలేదు. ఎంత వేడుకున్నా ఆ రోజంతా సెట్టింగు మార్చనివ్వలేదు.

నేను ఊరుకునేవాణ్ణి కాదు. ఒకరోజు మధ్యాహ్నం ఆయన మందు వేసుకోవడానికి లోపలికి వెళ్తే, స్పీడు పెంచి పుల్ల లాగాను. లేచింది. చూస్తుండగానే తెరలో కుడి మూలన ఈగంత అయింది. సారు తిరిగొచ్చి, మోటారు చప్పుడు మారిందని గ్రహించి, "యాడుండాది?" అని అడిగారు. తెర ముందే నిలబడి అడుగుతున్నారు. నాకు అనుమానమొచ్చి, "ఎడమ దిక్కుకుంది సారూ," అన్నాను. ఆయన ఎడమకు తిరిగి, ఏమీ లేని ఆకాశంలోకి చూస్తూ, "బాగుండాది. రెక్కలు సమంగా పట్టు," అన్నారు.

ఎన్నో చిలిపి పనులు చేశాను గానీ, గెలిచాక నవ్వు రానిది అదొక్కటే. టీ గ్లాసులతో గడపలో నిలబడ్డ పెద్దమ్మ అంతా చూసింది. కిందికి వెళ్తుంటే మెట్ల దాకా వచ్చి చెప్పింది. షుగరు కళ్ళకు పాకిందట. దగ్గరగా, పెద్దగా ఉన్నది కనబడుతుంది, చిన్నదైతే మసకలో కలిసిపోతుంది. తనతో బొమ్మ విమానాలు ఎగరేసే సాటివాళ్ళకు తెలిస్తే రిమోట్ పట్టనివ్వరని మైదానానికి పోవడమే మానేశారట. ఆయన కంటికి కనబడేంతవరకే నాకు నేర్పించారు.

ఆ తర్వాత ఆయన అడ్డు చెప్పలేదు, నేను కారణం అడగలేదు. సిమ్యులేటర్‌లో నేను ఎగరేసేవాణ్ణి, ఆయన మోటారు చప్పుడు విని స్పీడు తగ్గించమనో పెంచమనో చెప్పేవారు. దించడం కూడా వచ్చాక ఒక ఆదివారం పొద్దున, శంకర్‌పల్లి దారిలో తెలిసినవాళ్ళ వెంచర్ ఉంది, చూసొద్దాం బండి తియ్యమన్నారు. దొరికారనుకున్నాను. ఇన్నాళ్ళూ ఊరికే నేర్పింది చివరికి నాకొక ప్లాటు అంటగట్టడానికేనా. దారి పొడుగునా ఒద్దనడానికి సాకులు వెతుక్కున్నాను. అక్కడ ఇళ్ళు లేవు, హద్దురాళ్ళు, నల్లటి కొత్త రోడ్లు, ఒక నీళ్ళ ట్యాంకు. సారు డిక్కీ తీసి దుప్పటి విప్పారు. పసుపు విమానం.

రోడ్డు మీద అటూ ఇటూ నడిపించాను. సిమ్యులేటర్‌లో ఎన్నడూ వినని చప్పుడొకటి వచ్చింది. గట్టి చక్రాలు కంకర తేలిన తారు మీద గరగరమంటున్నాయి. ఎడమకు గుంజింది, వేలు ఆనించాను. అప్పుడు సారు మెల్లగా అన్నారు.

"ఆ పొద్దు అది కుడి పక్క ఉన్నింది కదా?"

"మీకెట్ల తెలిసింది సారూ?"

"నువ్వు ఎడమ అంటివి కాబట్టి."

తల దించుకున్నాను. "ఇయ్యాల ఏడుంటే ఆడనే చెప్త సారూ. ఒట్టు."

"నువ్వేమీ చెప్పొద్దులేప్పా. చెప్తే నేను నమ్మను. నాకు తెలుస్తాది, నువ్వు పోనీ."

నేను స్పీడు పెంచాను. దించేటప్పుడు అది ఎదురొచ్చింది, వీపు తిప్పి మెడ వెనక్కి పెట్టుకున్నాను. నేల తాకి ఒక ఎగురు ఎగిరి, రోడ్డు దిగి, హద్దురాయికి రెక్క తగిలించుకుంది. సారు వేళ్ళతో విరిగినచోటు తడిమి, అతికించుకుంటానులే అన్నారు. సగం అతికించారు. పెద్దమ్మ నిన్న ఆ విమానాన్ని నా చేతికిచ్చింది. మిగతా సగం నేను అతికించాలి. తిన్నగా వస్తుందని నా మీద నాకే నమ్మకం లేదు.

ఆయన ముఖం ఇప్పటికీ నాకు ఆ రోడ్డు మీదే కనబడుతుంది. విమానం నా ముందు నుంచి పరుగెత్తిపోయింది. సారు దాని వైపు చూడనే లేదు. కళ్ళు మూసుకొని, తల పక్కకు వంచి, చక్రాల చప్పుడు వింటున్నారు. గరగర, గరగర, దూరమవుతోంది. ఒక్కసారిగా ఆ గరగర ఆగిపోయింది. మోటారు మాత్రం మోగుతోంది. సారు నన్నేమీ అడగలేదు. ఏ దిక్కుకుందో తెలియకుండానే, ఆకాశమంతటికీ కలిపి, చెయ్యి పైకెత్తారు.