గ్రాంజాన్ గంట

ఫ్రాన్సులోని సెంతెతియెన్ బొగ్గు గనుల్లో, రాయిగా మారిన చెట్టు మాను పైకప్పులోంచి ఉన్నట్టుండి జారి పడుతుంది. గని కార్మికులు దాన్ని గంట అంటారు. దద్దమ్మని కూడా వాళ్లు గంట అనే అంటారు.

ఒదీల్ షవనోన్ జీవితమంతా ఆ గంటల వెంటే పోయింది. పెళ్లి మాటే ఎత్తలేదు. గని దిబ్బల మీద రాళ్లేరుకుంటూనే జుట్టు నెరిసింది. రాతి ఆకుకొక పేరు, రాతి మానుకొక పేరు పెట్టి, రెండూ వేర్వేరు మొక్కలని పారిస్ పండితులు తేల్చేశారు. కాదు, ఒకే చెట్టువని ఈవిడ వాదించింది. చూపించమన్నారు. చూపించడానికేమీ లేదు. నిండు సభలో పకపకా నవ్వారు, అదేం మర్యాదో మరి! ఆ నవ్వు గుర్తొస్తే ఒంటికి కారం రాసుకున్నట్టుండేది ఆవిడకు.

ఆ చలికాలంలో కొమ్మతో సహా ఒక గంట బయటపడిందని మేస్త్రీ క్లోదియూస్ కబురు తెచ్చాడు. సోమవారానికల్లా ఆ సొరంగాన్ని రాళ్లతో పూడ్చేయాలని డైరెక్టరు గ్రాంజాన్ ఆర్డరు. ఆడవాళ్లు గనిలోకి దిగకూడదన్నది ఆయన పాత ఆర్డరు.

ఒదీల్ మేస్త్రీని వెంటబెట్టుకుని ఆయన గదికి వెళ్లింది.

"దానికి మీ పేరు పెడదామనుకున్నానండీ, లాటిన్లో. పూడ్చేస్తే ఇంకేం పెడతాం లెండి."

గ్రాంజాన్ మీసం దువ్వుకున్నాడు. "లాటిన్ ఎవడికి అర్థమవుతుందండీ? మా వాళ్లంతా చదివేట్టు మన భాషలోనే ఉండాలి. 'గ్రాంజాన్ గంట' అని ఫలకం మీద రాయించండి."

ఆ రెండో అర్థం ఆయనకు తెలియక కాదు. తన పేరు పక్కన అది కూర్చుంటుందని తోచలేదు, అంతే. క్లోదియూస్ కిటికీ వైపు తిరిగి దగ్గడం మొదలుపెట్టాడు.

"మీరే అన్నాక ఇంక నాదేముంది?" అంది ఒదీల్ మహా భక్తిగా. "కాకపోతే నేను దిగి చూడాలి కదా."

"దిగండి, దిగండి. పూడ్చడం ఆపించేస్తాను."

సాయంత్రానికి ఊళ్లోని సారా కొట్లన్నిటా గ్రాంజాన్ గంట మోగిపోయింది. ఫలకం చెక్కేవాడు నవ్వాపుకోలేక ఒక అక్షరం వంకర చేశాడు.

మర్నాడు ఒదీల్ గనిలోకి దిగింది. క్లోదియూస్ ఆసరా దుంగలు బిగించి దీపం ఎత్తి పట్టుకున్నాడు. మానుకు కొమ్మ ఉంది. కొమ్మకు ఆకు ఉంది. తొడిమ మొదట్లో వేలు పెట్టి తడిమింది. ఎక్కడా తెగలేదు. మళ్లీ తడిమింది.

"ఏంటమ్మా, ఏడుస్తున్నారా?"

"ఏడవనా మరి? ఆ పారిస్ వాళ్లు చెప్పిందే నిజమేమోనని ఎన్నేళ్లు హడలి చచ్చానో నీకేం తెలుసు. ఎవరితోనూ అనలేదు క్లోదియూస్, ఒక్కరితోనూ అనలేదు."