పడవకి పట్టిన మైనం

ఆటోనగర్‌లో ఎవరైనా కారుకి మైనం రుద్దుతుంటే, ఆ వాసనకి నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

చిన్నప్పుడు మా నాన్న పాత పడవ రంగు వెలిసిపోయింది. దానికి మెరుగు పెట్టే పని నాకు అప్పజెప్పాడు. మైనం పూసి, తెల్లగా ఆరాక గుడ్డతో రుద్దాలి. ఎండకి అది బిగుసుకుపోయి ఓ పట్టాన వదిలేది కాదు. వేళ్లు బొబ్బలెక్కాయి. పడవ మెరిస్తే నన్నూ వేటకి తీసుకెళ్తాడనుకున్నాను.

సాయంత్రానికి ఆ నీలం రంగులో నా ముఖం కనిపించింది. సంబరంగా ఎక్కబోయాను.

"ఏటే, కాలు తియ్యి! ఆడపిల్ల ఎక్కితే సేపలు సిక్కవు" అని నాన్న కసిరాడు.

"మరి నాను రుద్దిన పడవకి సిక్కుతాయేటి?"

నాన్న పడవని నీళ్లలోకి తోసుకుపోయాడు. నా మీద కోపమొచ్చిందనుకున్నాను. ఆయన దగ్గరా జవాబు లేదని ఇప్పుడు తెలుసు. అయినా నా కోపం తగ్గలేదు.