మూడు గ్లాసుల వదిన

మా వదినను బీరు ఫ్యాక్టరీలో అందరూ మూడు గ్లాసులావిడ అంటారు. ఆ పేరు ఫ్యాక్టరీ గేటు దాటి మా వీధికి వచ్చేసరికి దాని అర్థమే మారిపోయింది. పొద్దున్నే మూడు గ్లాసులు పడనిదే ఆవిడ మనిషి కాదట అని పక్కింటివాళ్ళు మా అన్నయ్య మీద జాలిపడి, పిలిచి కాఫీ ఇచ్చేవారు. అన్నయ్య కిక్కురుమనకుండా ఆ జాలినీ కాఫీనీ పుచ్చుకునేవాడు. ఎందుకంటే ఇంట్లో ఆయనకు కాఫీ పుట్టదు.

అసలు సంగతేమిటంటే, వదిన ఉద్యోగం రుచి చూడడం. ఫ్యాక్టరీ లోపల ఆవిడకొక చిన్న గది ఉంది. తెల్ల గోడలు, కిటికీలు లేవు, వెలిగేది ఎర్ర దీపం. బీరు రంగు చూసి నాలుక మోసపోకూడదని ఆ ఎరుపు. గోడలో చిన్న తలుపు తెరుచుకుని మూడు గ్లాసులు లోపలికొస్తాయి. రెండింట్లో ఒకే బీరు ఉంటుంది, ఒకదాంట్లో కొత్త ట్యాంకులోది. వేరేది ఏదో వదిన పట్టుకుంటే ఆ ట్యాంకు మొత్తం ఆగిపోతుంది. పట్టుకోలేకపోతే "తేడా లేదు" అంటుంది, లారీలు కదులుతాయి.

ఆ ముక్కుకోసం ఇంటిల్లిపాదీ అవస్థ పడాల్సిందే. పొద్దున పూట ఉల్లిపాయ తరగకూడదు, కాఫీ కాయకూడదు, వాసన సబ్బు ముట్టుకోకూడదు. ఇంతా చేసి ఆవిడ ఇంట్లో బీరు చుక్క తాగదు. ఫ్యాక్టరీలోనూ ఏ గ్లాసూ ఖాళీ చేయదు. ఒక గుక్క, అంతే.

"ఇంకొంచెం తాగాలనిపించదా వదినా?" అని అడిగాను ఒకసారి.

"నువ్వు ఇంకాసేపు పని చెయ్యాలని ఎప్పుడైనా అనుకున్నావా పిల్లా?" అంది.

అనుకోలేదు, నిజమే. నేనూ ఆ ఫ్యాక్టరీలోనే చేసేదాన్ని. బెల్టు మీద పరిగెత్తే సీసాల్లో లేబులు వంకరగా అంటుకున్నవాటిని ఏరి పక్కన పెట్టడం నా పని. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఓ రోజు భోజనాల గదిలో అందరూ వింటుండగా అనేశాను. "ఏం బీరు ఇది? ఏడాది పొడుగునా ఒకటే రుచి! కుళాయి నీళ్ళకైనా అప్పుడప్పుడూ ఓ కొత్త రుచి వస్తుంది."

వదిన అన్నం కలుపుతూ తలెత్తలేదు. "ఒకటే రుచి ఊరికే వస్తుందా?" అంది మెల్లగా.

నేను ఆ నెలలోనే మానేశాను. వీధి చివర మూతపడ్డ సైకిల్ రిపేరు షెడ్డు అద్దెకు తీసుకుని, నా చేత్తో నేనే బీరు చేస్తానని కూర్చున్నాను. ఇల్లు ఖాళీ చేస్తున్న ఓ ముసలావిడ దగ్గర పెద్ద రాగి కాగు, మూత ఉన్న తొట్టి కొన్నాను. ఆవిడ పెళ్ళినాటి నుంచీ ఇంట్లోనే బీరు కాచుకునేదట. వాటితోపాటు ఓ చెక్క తెడ్డు కూడా చేతిలో పెట్టింది. నల్లగా, నిండా పగుళ్ళతో ఉంది. పోనీలే, పొయ్యిలోకైనా పనికొస్తుందని తెచ్చుకున్నాను.

పని చెప్పుకుంటే చిన్నదే. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని వేడినీళ్ళలో నానేస్తే తీపి రసం దిగుతుంది. అందులో హాప్స్ అనే చేదు పువ్వులు వేసి మరగబెట్టి, చల్లార్చి, ఈస్ట్ పొట్లం చల్లాలి. కంటికి కనపడని ప్రాణి ఆ ఈస్ట్, తీపిని తిని బీరు చేసిపెడుతుంది. నేను ఈస్ట్ చల్లాక ఆ పాత తెడ్డుతో బాగా కలిపి మూతపెట్టాను.

ఆ మొదటి బీరు ఎలా కుదిరిందో నాకే తెలియదు. గ్లాసు దగ్గరకు తెస్తే పండిన జామపండు కోసినట్టు వాసన! మలుపులో హోటలాయన ఒక గుక్క తాగి కళ్ళు మూసుకున్నాడు. "అమ్మా, ఇదే రుచి ఎప్పుడూ ఇవ్వగలిగితే నా హోటల్లో ఇంకో బీరు పెట్టను" అన్నాడు. నేను ఎగిరి గంతేశాను. ఆ ఊపులో షెడ్డంతా వేడినీళ్ళతో కడిగాను, తళతళలాడే స్టీలు తెడ్డు కొన్నాను. పాతదాన్ని కిటికీ రేకు మూసుకుపోకుండా ఊతగా పెట్టాను.

రెండోసారి బీరు కాచాను. జామపండు లేదు. మూడోసారీ లేదు. అదే బార్లీ, అవే నీళ్ళు, అదే పొట్లం. బుర్ర బద్దలు కొట్టుకున్నా అంతు చిక్కలేదు.

"బాగానే ఉందమ్మా," అన్నాడు హోటలాయన మొహమాటంగా. "కానీ నేనడిగింది ఇది కాదు. ఇంకొక్కసారి చూస్తాను."

ఆ ఒక్కసారీ కుదరకపోతే షెడ్డు వదిలేసి మళ్ళీ వంకర లేబుళ్ళ దగ్గర నిలబడాలి. అందరి ముందూ అన్ని మాటలన్నాక ఏ మొహం పెట్టుకుని ఆ గేటు దాటను? ఏడుపొచ్చింది. పౌరుషాన్ని పక్కన పెట్టి వదినను పిలిచాను.

సెలవు రోజున, వానలో తడుచుకుంటూ వచ్చింది. మొదటి బీరులో ఫ్రిజ్‌లో దాచిన సీసాలు రెండే మిగిలాయి. ఒకటి తీసి పోశాను, పక్కన కొత్తది పోశాను. దీని నుంచొక గుక్క, దాని నుంచొక గుక్క తాగి గ్లాసులు కింద పెట్టింది.

"నీళ్ళు అవే. బార్లీ అదే. చేదూ అంతే," అంది. "కానీ అమ్మాయ్, మొదటిదాంట్లో ఇద్దరు పనిచేశారు. దీంట్లో ఒక్కరే ఉన్నారు. ఎవరే ఆ రెండోవాళ్ళు?"

"ఎవరూ లేరు వదినా. పొట్లం తప్ప ఇంకేం వెయ్యలేదు, ఒట్టు."

ఆవిడ నా ఒట్టును పట్టించుకోలేదు. కాగు వాసన చూసింది, తొట్టి చూసింది, కుళాయి గొట్టం చూసింది. చివరికి నా జుట్టు కూడా చూసింది. "అందులో జామచెట్టు మొలిచిందా?" అన్నాను ఉక్రోషంగా. ఇంతలో పక్క దుకాణంలో ఎవరో రంగులు వేయడం మొదలుపెట్టారు. ఆ ఘాటుకు వదిన ముక్కు మూసుకుని వెళ్ళి, కిటికీకి పెట్టిన ఊత లాగేసింది. రేకు ధడేలుమని పడింది. ఊత చేతిలో పట్టుకుని వదిన అలాగే నిలబడిపోయింది. వానకు తడిసిన ఆ కర్రను చూసింది. తన అరచెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఏంటే ఇది?"

"పాత తెడ్డు. మొదటిసారి దాంతోనే కలిపాను. ఇప్పుడు స్టీలుది కొన్నాగా."

వదిన స్టూలు లాక్కుని కూలబడింది. "ఆ ముసలావిడ ఎన్నేళ్ళు కలిపిందో దీంతో! ఈ పగుళ్ళలో ఆవిడ ఈస్ట్ కాపురం పెట్టింది. మా ఫ్యాక్టరీలో మా ఈస్ట్‌ను గాజు గొట్టాల్లో, చలి గదిలో, తాళం వేసి దాచుకుంటాం తల్లీ. నువ్వేమో కిటికీకి ఊత పెట్టావు!"

గబుక్కున తెడ్డు అందుకున్నాను. "ఇన్నాళ్ళు ఎండలో ఎండింది కదా. ఇంకా బతికే ఉంటుందా?"

"నాకేం తెలుసు? దాన్నే అడుగుదాం."

చిన్న జాడీలో చల్లారిన బార్లీ రసం పోసి, పొట్లం వేయకుండా, తెడ్డు కొస అందులో ముంచాం. మర్నాడు ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఆ మర్నాడూ అంతే. వదిన డ్యూటీ దిగి ఫ్యాక్టరీ యూనిఫాంతోనే వచ్చి, పురిటి గది బయట కూర్చున్న పెద్దమ్మలా జాడీ పక్కన కూర్చునేది. నేను ఆశ వదిలేసుకున్నాను. మూడో రోజు సాయంత్రం ఆవిడ ఉన్నట్టుండి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

కర్ర పక్కనుంచి ఒక బుడగ పైకొచ్చింది. కాసేపటికి ఇంకోటి. తర్వాత వరసగా. చూస్తుండగానే తెల్లటి నురగ కర్రను చుట్టుకుని పైకి లేచింది. వదిన జాడీకి చెవి ఆనించి, "విను" అంది. నేనూ ఆనించాను. లోపల సన్నగా చిటచిటమంటోంది. ఎండుకర్ర అని నేను పొయ్యిలో పెట్టబోయినది బతికి, ఊపిరి పీలుస్తోంది! ఎంత వింతండీ! నా కళ్ళు చెమర్చాయి. చెప్పడానికి సిగ్గెందుకు.

"ఇదీ సంగతి," అంది వదిన. "ఇది ప్రాణమున్నది. ఓ రోజు ఆకలి ఎక్కువ, ఓ రోజు తక్కువ. ఓ పొలం బార్లీ ఇంకో పొలం బార్లీలా ఉండదు. వీటన్నిటినీ బుజ్జగించి, ఎక్కడ ఏ సీసా విప్పినా ఒకటే రుచి రావాలి."

లారీలకు లారీలు వెళ్ళే ఆ సీసాలన్నీ నా కళ్ళముందు తిరిగాయి. ఒక్క తొట్టెడు బీరును రెండోసారి చేయలేక నేను ఏడుస్తున్నాను. ఆ ఎర్ర దీపం కింద కూర్చుని వదిన ఇరవై ఏళ్ళుగా కాపలా కాస్తున్నది దేనికో అప్పుడు తెలిసింది. ఈ తెడ్డూ అద్భుతమే, ఆ ఫ్యాక్టరీ కూడా అద్భుతమే. దేన్ని ముందు నెత్తిన పెట్టుకోవాలో నాకు తోచలేదు.

ఆ తర్వాత పొట్లం చల్లి, పాత తెడ్డుతోనే కలిపి, తొట్టి నిండా కాచాను. బీరు సిద్ధమైన రోజు హోటలాయన వ్యాను షెడ్డు ముందు ఆగింది. లోపలినుంచి వదిన చెయ్యి అడ్డం పెట్టింది. "నేను చూడకుండా ఒక్క సీసా గడప దాటదు."

బల్బుకు ఎర్ర కాగితం చుట్టించింది. పెట్టెలు మోయడానికి వచ్చిన అన్నయ్యను మూడు గ్లాసులు పొయ్యమని, తను గోడవైపు తిరిగి నిలబడింది. దాచిన ఆఖరి సీసా నుంచి రెండు, కొత్తది ఒకటి. "ఏదైనా చల్లగా ఉంటే చాలు కదా, దీనికింత తతంగమా?" అని గొణుక్కుంటూనే పోశాడు ఆయన.

వదిన మూడూ రుచి చూసింది. మళ్ళీ మొదటినుంచి చూసింది. ఆవిడ మొహంలో ఏమీ కనిపించదు, అది ఆవిడ ఉద్యోగం. బయట వ్యాను హారన్ కొట్టింది.

"తేడా లేదు," అంది వదిన.

ఫ్యాక్టరీలో ఆ మాట రోజూ చెవిన పడేది, ఎన్నడూ పట్టించుకోలేదు. ఇవాళ అదే మాట చెవుల్లో మోగింది. కళ్ళు తుడుచుకుని, సీసాల పెట్టె ఎత్తుకున్నాను.

"ఆగు," అంది వదిన.

ఏదో పట్టుకుంది, అయిపోయింది అనుకుంటూ వెనక్కి తిరిగాను. మూడింట్లో ఒక గ్లాసు అడుగుదాకా ఖాళీ అయిపోయి ఉంది. వదిన దాన్ని నావైపు చాపింది.

"ఇంకొంచెం పొయ్యి."